క్రైస్తవ బోధలో వినయం, గర్వం

క్రైస్తవ సంప్రదాయం గర్వాన్ని పాపాలన్నిటికీ మూలంగా, వినయాన్ని సద్గుణాలన్నిటికీ పునాదిగా చెబుతుంది. కతోలిక, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ సంఘాలు ఎన్నో సిద్ధాంతాల మీద విడిపోయినా ఈ విషయంలో దాదాపు ఒకే మాట మీద ఉన్నాయి. ఈ బోధలో గర్వమంటే గొప్పలు చెప్పుకోవడం ఒక్కటే కాదు. తన బతుక్కి తానే ఆధారమనుకోవడం, దేవుడికి చెందిన చోట తాను కూర్చోవాలని చూడడం, తోటి మనిషిని చిన్నచూపు చూడడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. తనకున్నదంతా దేవుడిచ్చినదేనని ఎరిగి, ఆ ఎరుకతో దేవుడి ముందు, మనుషుల మధ్య నడుచుకోవడమే వినయం. తెలుగు సంఘాల్లో దీనికి తగ్గింపు, దీనమనస్సు, సాత్వికం అనే మాటలు వాడుకలో ఉన్నాయి.

ఈ బోధకు గుండెకాయ క్రీస్తు కథ. పరలోక మహిమను విడిచి మనిషిగా పుట్టి, దాసుడిలా సేవచేసి, సిలువ మీద చనిపోయినవాడే దేవుడని క్రైస్తవుల విశ్వాసం. దేవుడే దిగివచ్చాడు కనుక దిగిరావడం ముందుగా పెద్దవాళ్ల వంతు అయింది. బైబిలులో గర్వం గురించిన హెచ్చరికలు ఎక్కువగా రాజులను, పండితులను, భక్తిపరులను, పదవులు కోరిన శిష్యులను ఉద్దేశించినవే. ఆ దిశ తప్పి, అణగారినవారిని మరింత అణచడానికి ఇదే బోధను వాడుకున్న సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. రెండిటినీ కలిపి చూస్తేనే విషయం పూర్తిగా అర్థమవుతుంది.

పాత నిబంధనలో

హెబ్రీ గ్రంథాల్లో గర్వం తరచుగా రాజ్యాధికారం రూపంలో కనిపిస్తుంది. ఆదికాండం 11వ అధ్యాయంలో బాబెలు వాసులు తమకు పేరు రావాలని ఆకాశాన్నంటే గోపురం తలపెడతారు. దానియేలు గ్రంథం 4వ అధ్యాయంలో రాజు నెబుకద్నెజరు బబులోను రాజభవనం మీద పచార్లు చేస్తూ, ఆ మహానగరం తన బలంతో తన ఘనత కోసం కట్టుకున్నదేనని మురిసిపోతాడు. ఆ మాట నోట్లో ఉండగానే మతి తప్పి పశువులా గడ్డి మేస్తాడు. తలెత్తి ఆకాశం వైపు చూశాకే మళ్లీ బుద్ధి వస్తుంది.

యూదా రాజు ఉజ్జియా కథ ఇంకా సూక్ష్మమైనది. అతను దుష్టుడేమీ కాదు. బావులు తవ్వించాడు, సేద్యాన్ని ప్రేమించాడు, యెరూషలేము బురుజుల మీద యుద్ధయంత్రాలు అమర్చాడు. బాగా బలపడ్డాక మనసు పొంగింది. యాజకులు మాత్రమే వేయవలసిన ధూపం తానే వేయడానికి ఆలయంలోకి వెళ్లాడు. వాళ్లు అడ్డుపడితే ధూపపాత్ర చేతపట్టుకునే మండిపడ్డాడు. అప్పుడే నుదుటి మీద కుష్ఠు పొడచూపిందని రెండవ దినవృత్తాంతాల గ్రంథం 26వ అధ్యాయం చెబుతుంది. సమర్థుడికి విజయమే ఉరి అవుతుందన్నది ఈ కథలోని హెచ్చరిక.

మోషే ఇందుకు ఎదురు ఉదాహరణ. భూమ్మీద అతనంత సాత్వికుడు లేడని సంఖ్యాకాండం 12వ అధ్యాయం అంటుంది. ఫరో ఎదుట నిలబడి బానిసలను విడిపించినవాడూ అతనే. సాత్వికానికీ పిరికితనానికీ పొత్తు లేదని చెప్పడానికి బోధకులు మోషేను చూపుతూ వచ్చారు. మీకా ప్రవక్త న్యాయాన్ని, కనికరాన్ని, దేవుడి ఎదుట దీనంగా నడవడాన్ని ఒకే తాటిన కట్టాడు.

యెషయా 14, యెహెజ్కేలు 28 అధ్యాయాలు బబులోను రాజు, తూరు అధిపతి ఎలా కూలిపోయారో వర్ణిస్తాయి. 3వ శతాబ్దపు పండితుడు ఒరిగెను వంటివారు ఈ వర్ణనలను సాతాను పతనానికి అన్వయించారు. దేవదూత సాతానుగా మారింది గర్వం వల్లేనని, అంటే మనిషికంటే ముందే పుట్టిన పాపం గర్వమని అభిప్రాయం స్థిరపడింది.

సువార్తల్లో

యేసు కాలానికి మధ్యధరా ప్రాంతపు సమాజాలు పరువు ప్రతిష్ఠల చుట్టూ తిరిగేవి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఎవరికి ముందు నమస్కరించారు అన్నది మనిషి విలువను తేల్చేది. అంతకు మూడు శతాబ్దాలకు పైగా ముందే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో, గొప్ప గౌరవానికి అర్హుడై, ఆ అర్హతను తాను ఎరిగినవాడిని ఉత్తమ పురుషుడిగా చిత్రించాడు. అతని సద్గుణాల జాబితాలో వినయం లేదు. ఈ నేపథ్యంలో, విందుకు వెళ్తే చివరి చోట కూర్చోమని, గొప్పవాడు కావాలంటే పరిచారకుడు కమ్మని యేసు చెప్పడం లోకరీతిని తలకిందులు చేయడమే. జెబెదయి కొడుకులు యాకోబు, యోహాను ఆయన రాజ్యంలో కుడి ఎడమల స్థానాలు అడిగినప్పుడు వచ్చిన జవాబు కూడా ఇదే.

ఈ బోధకు కేంద్రంగా నిలిచిన ఉపమానం లూకా సువార్త 18వ అధ్యాయంలో ఉంది. ప్రార్థన చేయడానికి ఇద్దరు దేవాలయానికి వెళ్తారు. ఒకడు ధర్మశాస్త్రాన్ని పట్టుదలగా పాటించే పరిసయ్యుడు, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాడు, సంపాదనంతటిలో పదో వంతు ఇస్తాడు. రెండోవాడు సుంకరి, పరాయి పాలన కింద పన్నులు వసూలు చేస్తూ సొంతవాళ్ల అసహ్యాన్ని మూటగట్టుకున్నవాడు. పరిసయ్యుడు చెప్పిన సంగతుల్లో అబద్ధం లేదు. ధర్మశాస్త్రం అడిగినదానికంటే ఎక్కువే చేశాడు. పైగా అతని ప్రార్థన కృతజ్ఞతతోనే మొదలవుతుంది. అయితే ఆ కృతజ్ఞత మధ్యలోనే పక్కవాడి వైపు చూపు మళ్లి, తాను ఆ సుంకరి లాంటివాణ్ని కానన్న తృప్తిగా మారుతుంది. సుంకరి దూరంగా నిలబడి, కళ్లెత్తకుండా, రొమ్ము కొట్టుకుంటూ కనికరం మాత్రం అడుగుతాడు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది అతనే. గర్వానికి మంచిపనులు కూడా మేతేనని, భక్తి వేషంలో వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవడం మరీ కష్టమని ఈ కథ శతాబ్దాల పొడుగునా హెచ్చరిస్తూ వచ్చింది.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు చివరి రాత్రి పైవస్త్రం తీసి, నడుముకు తువాలు చుట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడుగుతాడు. అది ఇంట్లో దాసులు చేసే పని. పేతురు మొదట ఒప్పుకోడు; సేవ చేయించుకోవడానికి కూడా తగ్గింపు కావాలని అతని కథ తెలియజేస్తుంది. ఆ రాత్రే తనను అప్పగించబోయే యూదా పాదాలు కూడా ఆ వరసలో ఉన్నాయి.

పౌలు పత్రికల్లో

పౌలు ఫిలిప్పీ సంఘానికి చెరసాల నుంచి రాసిన పత్రిక 2వ అధ్యాయంలో క్రీస్తు దైవసమానత్వాన్ని పట్టుకుని వేలాడక తనను తాను ఖాళీ చేసుకున్నాడని, దాసుడై సిలువ మరణం దాకా దిగాడని, అందుకే దేవుడు ఆయన్ని హెచ్చించాడని చెప్పే భాగం ఉంది. అది అప్పటికే ఆరాధనలో పాడుకుంటున్న కీర్తన కావచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. ఫిలిప్పీ రోమా సైనికులు స్థిరపడిన వలసపట్టణం. హోదాల మీద మోజు ఎక్కువ. అలాంటి చోట దాసుడి స్థితిని ఆదర్శంగా నిలపడం సాహసం. క్రీస్తు తన స్థానాన్ని ఇష్టపూర్వకంగా వదులుకున్నాడు, ఎవరూ లాక్కోలేదు. వినయానికి స్వేచ్ఛ ప్రాణమన్న తర్వాతి బోధకుల వాదనకు ఇదే ఆధారం.

నకిలీ వినయం గురించి హెచ్చరిక కొలస్సయులకు రాసిన పత్రికలో ఉంది. ఒళ్లు మాడ్చుకుని, దీనత్వాన్ని ప్రదర్శనకు పెట్టడం కూడా ఒక అతిశయమేనని ఆ పత్రిక అంటుంది. కొత్తగా చేరినవాడికి అధ్యక్ష పదవి ఇవ్వవద్దని, గర్వంతో పడిపోతాడని తిమోతి మొదటి పత్రిక జాగ్రత్త చెబుతుంది.

ఎడారి మునులు, తూర్పు సంఘం

4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారులకు వెళ్లిన మునులు మనసును దగ్గరగా గమనించి గర్వానికి లోపలి పటం గీశారు. ఎవాగ్రియస్ (345–399) మనిషిని వేధించే ఎనిమిది దుష్ట ఆలోచనలను వర్గీకరించాడు. కీర్తికాంక్షను, గర్వాన్ని అతను వేరు చేశాడు. కీర్తికాంక్షకు చూసే జనం కావాలి. గర్వానికి జనం అక్కర్లేదు. తన మంచితనానికి తానే కారణమనుకుంటే చాలు. ఇతని బోధను పడమటి దేశాలకు చేర్చిన జాన్ కాషియన్ తన గ్రంథంలో పెద్దల పోలిక ఒకటి చెప్పాడు. కీర్తికాంక్ష ఉల్లిపాయ లాంటిది, ఒక పొర ఒలిస్తే కింద ఇంకో పొర ఉంటుంది. మంచి బట్టలతో మెప్పించలేనివాణ్ని చింకిబట్టలతో మెప్పించేలా చేస్తుంది. మాటతో గెలవలేనివాణ్ని మౌనంతో గెలవమంటుంది. 7వ శతాబ్దంలో సీనాయి కొండ దగ్గర యోహాను క్లిమాకస్ రాసిన ముప్పై మెట్ల ‘నిచ్చెన’లో 22, 23 మెట్లు కీర్తికాంక్షకు, గర్వానికి, 25వ మెట్టు వినయానికి కేటాయించాడు. అంత పైకి ఎక్కినవాడికే గర్వం ఎదురవుతుందని ఆ క్రమం సూచిస్తుంది.

ఆర్థడాక్స్ సంఘం ఈ మెలకువను పంచాంగంలోనే పెట్టుకుంది. ఈస్టరుకు ముందు వచ్చే మహోపవాస కాలానికి సిద్ధపడే ఆదివారాల్లో ఒకటి సుంకరి, పరిసయ్యుల పేరు మీద ఉంది. దాని తర్వాతి వారంలో మామూలుగా ఉండే బుధ, శుక్రవారాల ఉపవాసం ఎత్తేస్తారు. పరిసయ్యుడిలా ఉపవాసాన్ని చూసి మురిసిపోకూడదని ఆ ఏర్పాటు. నలభై రోజుల దీక్షకు ముందు దీక్ష వల్ల పుట్టే గర్వానికి మందు వేస్తారన్నమాట.

అగస్టీను

పడమటి సంఘంలో ఈ సిద్ధాంతానికి స్థిరరూపం ఇచ్చినవాడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్ అగస్టీను (354–430). యువకుడిగా అలంకారశాస్త్రం బోధించి పేరు కోసం పరుగెత్తినవాడు కనుక గర్వం అతనికి సొంత అనుభవం. ప్లేటో అనుయాయుల పుస్తకాల్లో దేవుడి గురించి చాలా దొరికిందని, మనిషిగా దిగివచ్చిన దీనుడైన దేవుడు మాత్రం కనిపించలేదని తన ఆత్మకథలో రాసుకున్నాడు.

410లో విసిగోతు తెగవారు రోమును దోచుకున్నారు. ఆ ఉపద్రవానికి క్రైస్తవమే కారణమన్న నింద వచ్చినప్పుడు అగస్టీను ‘దేవుని నగరం’ రాయడం మొదలుపెట్టాడు; 413 నుంచి 426 దాకా అది సాగింది. రోము సామ్రాజ్యాన్ని నిలబెట్టింది కీర్తిదాహమని, కూల్చేదీ అదేనని వాదించాడు. మానవ చరిత్రంతా రెండు నగరాల కథ. ఒకటి దేవుణ్ని కాదనేంత ఆత్మప్రేమ మీద, రెండోది తనను మరిచేంత దైవప్రేమ మీద కట్టుకున్నవి. ఆదాము హవ్వలు పండు తినకముందే లోపల గర్వం వల్ల పడిపోయారని, బయటి తప్పు ఆ తర్వాతిదని అతని వివరణ. మనిషి సొంత శక్తితో పాపం లేకుండా బతకగలడన్న పెలాగియస్ వాదాన్ని అతను అంత గట్టిగా ఎదిరించడానికీ ఇదే కారణం. మంచితనం కూడా కృప వల్లే వచ్చిందంటే గొప్పలు చెప్పుకోవడానికి చోటు మిగలదు.

మఠాలు, మధ్యయుగం

6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి 7వ అధ్యాయం వినయానికి పన్నెండు మెట్లు చెబుతుంది. దైవభయంతో మొదలై, పెద్దల మాట వినడం, తప్పులు దాచకపోవడం, తక్కువ పనితో తృప్తిపడడం మీదుగా నడకలో, చూపులో కూడా దీనత్వం కనిపించే స్థితి దాకా ఆ మెట్లు సాగుతాయి. 12వ శతాబ్దంలో క్లెయిర్వో మఠాధిపతి బెర్నార్డ్ (1090–1153) ఈ మెట్లను వివరించబోయి, తనకు తెలిసింది ఎక్కడం కంటే దిగడమే అంటూ గర్వం మెట్లను వర్ణించాడు. మొదటి మెట్టు ఇతరుల సంగతుల మీద ఆరా. పక్కవాడు తనకంటే ఎక్కువా తక్కువా అని చూడడంతోనే పతనం మొదలవుతుంది. ఆ తర్వాత చంచలత్వం, అర్థంలేని నవ్వు, గొప్పలు, అందరికంటే వేరుగా కనిపించాలన్న తాపత్రయం, తప్పును సమర్థించుకోవడం వస్తాయి. తొమ్మిదో మెట్టు కపటపు ఒప్పుకోలు. తానెంత పాపినో కన్నీళ్లతో చెప్పుకునేవాడు, మరొకరు అదే మాట అంటే భగ్గుమంటాడు. చివరి మెట్టు పాపం అలవాటైపోవడం.

590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న గ్రెగరీ గర్వాన్ని దుర్గుణాలన్నిటికీ రాణిగా చెప్పి ఏడు ప్రధాన పాపాలను దాని సంతానంగా లెక్కించాడు. కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ సార్వత్రిక బిరుదు వాడుకోవడాన్ని ఖండించి, తనను దేవుని సేవకుల సేవకుడిగా పిలుచుకున్నాడు. ఆ బిరుదు పోపులకు నేటికీ ఉంది; దానికి తగ్గట్టు నడిచినవాళ్లూ, నడవనివాళ్లూ ఆ పీఠం మీద కూర్చున్నారు. ధనిక వర్తకుడి కొడుకైన అస్సిసి ఫ్రాన్సిస్ తన అనుచరులకు చిన్న సహోదరులన్న పేరు పెట్టాడు.

థామస్ అక్వినాస్ (1225–1274) అరిస్టాటిల్ ఉత్తమ పురుషుణ్ని, సువార్తలోని దీనుణ్ని ఒకచోటికి తెచ్చాడు. మనిషిలో దేవుడు పెట్టిన సామర్థ్యాన్ని గుర్తించి గొప్ప పనులకు పూనుకోవడం ఒక సద్గుణం. తన హద్దు ఎరిగి, అందనిదానికి ఎగబడకపోవడం మరో సద్గుణం. రెండూ కలిస్తేనే మనిషి నిటారుగా నిలబడతాడు. తన ప్రతిభను కాదనడం వినయం అనిపించుకోదు, అది అసత్యం. ఇటలీ కవి డాంటే తన కావ్యంలోని శుద్ధిపర్వతం మొదటి అంతస్తును గర్విష్ఠులకు ఇచ్చాడు. వాళ్లు వీపున బండరాళ్లు మోస్తూ నేలకు వంగి నడుస్తారు. చిత్రకారుడు ఓదెరీసి అక్కడ కళాకారుల కీర్తి ఎంత కొద్దికాలందో చెబుతాడు.

సంస్కరణ, ఆ తరువాత

ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్, యేసు తల్లి మరియ పాడిన కీర్తన మీద 1521లో రాసిన వ్యాఖ్యానంలో ఒక కీలకమైన సవరణ చేశాడు. దేవుడు చూసింది మరియ వినయమనే సుగుణాన్ని కాదని, ఆమె అల్పస్థితిని అని అతని వాదన. వినయాన్ని పుణ్యంగా లెక్కగట్టుకుంటే అది గర్వమైపోతుంది. నిజంగా వినయం గలవాడికి ఆ సంగతే తెలియదు. కతోలిక సంస్కర్తల్లో స్పెయిన్ సన్యాసిని అవిలా తెరేసా (1515–1582) వినయమంటే సత్యంలో నడవడమేనంది. ఇద్దరి మార్గాలూ వేరైనా, దీనత్వాన్ని ప్రదర్శనగా మార్చే రోగం మీద ఇద్దరిదీ ఒకే చూపు. 18వ శతాబ్దపు అమెరికా ఉజ్జీవాలను దగ్గరగా చూసిన బోధకుడు జోనాథన్ ఎడ్వర్డ్స్, భక్తి పెరిగే వేళ ఆధ్యాత్మిక గర్వమే అన్నిటికంటే పెద్ద ప్రమాదమన్నాడు. రచయిత సి.ఎస్. లూయిస్ 1952 నాటి పుస్తకంలో గర్వం పోటీ స్వభావం గలదని, ధనం ఉండడం కంటే పక్కవాడికంటే ఎక్కువ ధనం ఉండడమే దానికి తృప్తి అని వివరించాడు.

పాదాలు కడిగే ఆచారం

694లో స్పెయిన్‌లోని తొలేడోలో జరిగిన మహాసభ, యేసు శిష్యుల పాదాలు కడిగిన రాత్రిని తలచుకునే పవిత్ర గురువారం నాడు పాదాలు కడగడాన్ని తప్పనిసరి చేసింది. ఇంగ్లాండు రాజులు కూడా ఆ రోజు పేదల పాదాలు కడిగేవారు. 17వ శతాబ్దం చివర రెండో జేమ్స్‌తో అది ఆగిపోయింది. ఇప్పుడు ప్రత్యేకంగా ముద్రించిన నాణేలు పంచుతారు. వంగవలసిన పని చేయి చాపితే అయిపోయే పనిగా మారింది. మెనోనైట్, బ్రెద్రన్ సంఘాల్లో సభ్యులు ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. అక్కడ కడిగినవాడే కడిగించుకుంటాడు కూడా. 2013 మార్చి 28న పోపు ఫ్రాన్సిస్ రోములోని బాలనేరస్థుల కారాగారంలో పన్నెండుమంది పాదాలు కడిగాడు. అందులో ఇద్దరు ఆడపిల్లలు. అప్పటి నియమం పురుషులనే అనుమతించేది. 2016లో దాన్ని మార్చారు.

విమర్శలు

తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1751లో వినయాన్ని సన్యాసుల పనికిరాని గుణాల్లో చేర్చాడు. మరో తత్వవేత్త నీషే 1887లో ఇది బలహీనులు తమ అశక్తతకు కట్టుకున్న అందమైన పేరన్నాడు. వీటికంటే లోతుగా తాకిన విమర్శలు క్రైస్తవుల నుంచే వచ్చాయి. అమెరికాలో బానిసలకు యజమానులు వినయవిధేయతలు బోధించేవారు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన జీవితకథ చివర ఆ మతానికీ క్రీస్తు మతానికీ పొంతన లేదని తేల్చి చెప్పాడు. 1960లో వేదాంతి వాలెరీ సేవింగ్ గర్వమే మూలపాపమనడం మగవారి అనుభవం నుంచి వచ్చిన లెక్క అని వాదించింది. ఇతరుల కోసం తనను పూర్తిగా చెరిపేసుకోవడమే స్త్రీలకు ఎదురయ్యే శోధన కావచ్చని, అలాంటివారికి ఇంకా తగ్గమని చెప్పడం రోగం పెంచడమేనని ఆమె అంది. భారతదేశంలో దళిత వేదాంతం ఇదే ప్రశ్నను కులం వైపు నుంచి అడిగింది.

తెలుగు నేలపై

1866లో ఒంగోలుకు వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్‌కు మొదట్లోనే ఒక చిక్కు ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే తాము దూరంగా ఉంటామని అగ్రకులాలవారు చెప్పారు. లోకం తక్కువగా చూసేవారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే కొరింథు పత్రిక భాగమే తన నిర్ణయానికి దారి చూపిందని క్లఫ్ ఆత్మకథలో చెప్పుకున్నాడు. మాదిగ బోధకుడు ఎర్రగుంట్ల పేరయ్య వంటివారి కృషితో ఉద్యమం ఊళ్లకు పాకింది. 1876–78 కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరి చివర బతికినవారికి ఆ బోధ తమను ఇంకా తగ్గమని చెప్పలేదు. దేవుడి ముందు తమకూ పేరుందని చెప్పింది.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో భారతీయ సంఘ నాయకుడు వి.ఎస్. అజరయ్య మిషనరీల జాత్యహంకారాన్ని వారి ముఖం మీదే ప్రస్తావించాడు. వారి త్యాగాలను కొనియాడి, ఆ త్యాగాలతో పాటు తమకు స్నేహం కావాలని అడిగాడు. సర్వం వదులుకుని వచ్చినవాడు కూడా ఆధిక్యభావాన్ని వదులుకోకపోవచ్చన్న చేదు నిజం ఆ కోరికలో ఉంది. 1912లో ఆయన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా దోర్నకల్ పీఠం ఎక్కి, 1945లో మరణించేదాకా మాల, మాదిగ పల్లెల సంఘాల మధ్య పనిచేశాడు. తెలుగు సంఘాల్లో నేటికీ మిగిలిన కులభేదాలకు, సేవకుల చుట్టూ అల్లుకునే వ్యక్తిపూజకు ఈ చరిత్ర గట్టి ప్రశ్న.

నేటి చర్చ

మతాధికారుల లైంగిక నేరాలు బయటపడ్డాక వినయం వ్యక్తిగత సుగుణంగానే మిగలరాదన్న అభిప్రాయం బలపడింది. 2018లో పోపు ఫ్రాన్సిస్ విశ్వాసులకు రాసిన లేఖలో మతాధికారుల ఆధిక్యభావాన్ని ఆ నేరాలకు ముడిపెట్టాడు. లెక్కలు చెప్పడం, తప్పు ఒప్పుకోవడం, పదవి దిగడం, బాధితుల మాట ముందు వినడం కూడా వినయంలో భాగంగా ఇప్పుడు చూస్తున్నారు. ఇది కొత్త బోధ కాదు. ఉజ్జియాను ఆలయంలో అడ్డుకున్న యాజకుల కాలం నుంచీ ఉన్నదే. వినయం గురించి ఎవరైనా మాట్లాడినప్పుడు, ఆ మాట తనకు చెప్పుకుంటున్నాడా, తనకంటే కింద ఉన్నవాడికి చెబుతున్నాడా అని చూడాలి. అధికారం ఉన్నవాడు తనకు చెప్పుకున్న చోట ఆ బోధ మనుషులను విడిపించింది. కిందివాడి నోరు మూయడానికి వాడిన చోట గర్వానికే సేవ చేసింది.